ఆరు గిన్నెలు, ఐదు పండ్లు



ఈ మాటు ఛందస్సు జోలికి గాని, వ్యాకరణం జోలికి గాని పోవడం లేదు. మామిడిపండ్ల ముచ్చట ఒకటి చెప్పదలచుకొన్నాను. అయితే ఈ ముచ్చటకు బీజం పడినది నంద్యాలలో కాదు, ఇటలీ దేశంలో. అదీ మామిడితోటలో కాదు, ద్రాక్షాసవపు సీసాలో. తొందరపడి నన్ను అపార్థం చేసుకోకండి. అరవైయేళ్ళు దాటిన ఈ తెలుగు పండితునికి ద్రాక్షతో ఉన్న పరిచయమంతా ద్రాక్షాపాకం వరకే.

మా మేనల్లుడు ఇటలీలోని తురిన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు చైత్రంలో సెలవు మీద వచ్చినపుడు, భోజనాల తరువాత మాటల సందర్భంలో తమ శనివారపు వినోదం ఒకటి వర్ణించాడు. ఐదారుగురు స్నేహితులు తలా ఒక ఎర్రవైను సీసా తెస్తారట. ఇంటాయన వాటికి వార్తాపత్రిక చుట్టి, పైన అంకె వేసి బల్లమీద వరుసగా పెడతాడట. ఏ సీసాలో ఏమున్నదీ ఎవరికీ తెలియదు. కొద్దికొద్దిగా రుచి చూసి, ఎవరి కాగితం మీద వారు గుణదోషాలు వ్రాసి, మార్కులు వేసి, చివరకు చుట్టిన కాగితాలు విప్పుతారట. దీనిని వారు బ్లైండ్ టేస్టింగ్ అంటారు. తెలుగులో అజ్ఞాతాస్వాదనం అందామా, మరేదైనా అందామా, మీరే తేల్చండి.

"అన్నీ ద్రాక్షరసాలే కదా, వాటిలో అంత భేదమేముందిరా?" అన్నాను.

"అదేమిటి మామయ్యా! బరోలో, బార్బరెస్కో అని రెండు ఊళ్ళున్నాయి. ఆల్బా అనే పట్టణానికి అటొకటి, ఇటొకటి. రెండుచోట్లా ఒకే జాతి ద్రాక్ష, నెబ్బియోలో అంటారు. కానీ బరోలో అని పేరు పెట్టాలంటే 38 నెలలు నిలవ ఉంచాలి; బార్బరెస్కోకు 26 నెలలు చాలు. 1980లో అక్కడి ప్రభుత్వం రెండింటికీ తన అత్యున్నత ముద్ర వేసింది. ఆ ముద్ర చూసి తాగితే అందరికీ అమృతమే. ముద్ర దాచి తాగితే పండితులు కూడా తడబడతారు" అన్నాడు.

పండితులు అన్నమాట నాకు కొంచెం గుచ్చుకొంది. వాడు అంతటితో ఊరుకోలేదు. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వర్తకుడు ఇలాగే పేర్లు దాచి ఫ్రెంచి వైన్లను, కాలిఫోర్నియా వైన్లను కలిపి పరీక్ష పెట్టాడట. న్యాయనిర్ణేతలు ఫ్రాన్సు దేశపు నిపుణులు. తెలుపులోనూ ఎరుపులోనూ ప్రథమస్థానం కాలిఫోర్నియాకే దక్కిందట. తమ దేశపు రుచి తమకు తెలియదా అన్న ధీమా ఆ పూటతో సడలిపోయింది.

మేనల్లుడు వెళ్ళిపోయాడు గాని ఆ మాట నన్ను వదలలేదు. ముద్ర పడిన సరుకు మనకు మాత్రం లేదా? నంద్యాలకు కూతవేటు దూరంలో బనగానపల్లె ఉండనే ఉంది. నవాబుల ఏలుబడిలో చిన్న సంస్థానంగా ఉండి 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఆ ఊరి పేరు దేశమంతటా నిలిపింది మామిడిపండే. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక వేసవి వచ్చిందంటే మా విశ్రాంత ఉపాధ్యాయుల బృందంలో ఏటా ఇదే కలహం. మా ఉర్దూ మాస్టారిది బనగానపల్లె. ఆ పండును ఆయన బంగినపల్లి అనరు, బేనిషాన్ అంటారు. నిషాన్ అంటే గుర్తు. మచ్చ గాని మరక గాని లేనిది కనుక బేనిషాన్ అని వారి వ్యాఖ్యానం. లెక్కల అయ్యవారు తమ అల్లుడుగారి ఊరు ఉలవపాడును విడిచిపెట్టరు. సముద్రపు గాలి తగలని మామిడి మామిడే కాదంటారు. హిందీ పండితురాలు గారి పుట్టిల్లు నూజివీడు ప్రాంతం. ఆమె వాదించరు, నవ్వి ఊరుకొంటారు, అది వాదనకంటె బలంగా ఉంటుంది. నా పక్షం ఆళ్ళగడ్డ. అక్కడి మా పాత ఇంటి పెరటిలో మా నాన్నగారు స్వహస్తాలతో నాటిన బంగినపల్లి చెట్టు ఉంది. దాని పండును కన్నులు మూసుకొని గుర్తుపట్టగలనని ఇరవైయేళ్ళుగా చెప్పుకొంటూ వస్తున్నాను.

సరే, ఆ కన్నులు మూసుకొనే ముచ్చట కూడా తీర్చుకొందామని వైశాఖమాసంలో ఒక ఆదివారం మిత్రులను నంద్యాలలోని మా ఇంటికి ఆహ్వానించాను.

నియమాలు మేనల్లుని అడిగి వ్రాసుకొన్నాను. అందరూ ఒకే జాతి పండ్లు, బంగినపల్లి మాత్రమే తేవాలి, భేదమల్లా ఊరిదే. మూడురోజుల ముందుగానే మా ఇంటికి చేర్చాలి. ఉర్దూ మాస్టారు వరిగడ్డిలో మాగవేసిన పండ్లు తెచ్చారు. ఉలవపాడు నుండి, నూజివీడు నుండి బుట్టలు వచ్చాయి. మా పెరటి పండ్లను ఆళ్ళగడ్డలోని మా శిల్పిమిత్రుడు తెచ్చాడు. ఆళ్ళగడ్డ శిల్పులను గురించి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు; ఈయన దేవతావిగ్రహాలు చెక్కడంలో చేయితిరిగినవాడు, నా బాల్యమిత్రుడు. చిక్కంతో ఒక్కొక్క కాయనే తొడిమ విరగకుండా కోయించాడట. తొడిమ ఊడితే సొన కారి తోలు మాడుతుంది. ఇవి నాలుగు. ఐదవది మా ఇల్లాలు బజారులో తోపుడుబండి మీద కొన్నది. పైన పసుపు కొట్టినట్టున్న ఆ రంగును నేను శంకించాను. కార్బైడుతో మాగవేయడం నిషిద్ధమే. ఇథిలీన్ వాయువును మాత్రం 2016 నుండి కొంత మోతాదు వరకు అనుమతించారు. ఏది పెట్టినా, ముదరని కాయ కోసి మాగవేస్తే రంగు వస్తుంది గాని తీపి రాదు. కాయలో పిండిపదార్థం చేరిన తరువాతనే కదా అది చక్కెరగా మారవలసింది!

"వడ్డించేవారికి కూడా తెలియకూడదు. తెలిసినవారి ముఖం చూచి మనం కనిపెట్టేస్తాం" అన్నారు లెక్కల అయ్యవారు. కనుక మా ఆవిడ వంటింట్లో తలుపు వేసుకొని తోలు తీసి, ముక్కలు కోసి, ఒకే తీరు స్టీలు గిన్నెలలో వేసి అంకెల చీటీలు పెట్టేటట్టు, పక్కింటి అమ్మాయి వాటిని తెచ్చి మా ముందుంచేటట్టు ఏర్పాటు చేశాం. పండ్లను ఉదయమే నీళ్ళతొట్టిలో వేసి నానబెట్టాం గాని ఫ్రిజ్‌లో పెట్టలేదు; చల్లబడితే వాసన అణగిపోతుందని ఇటలీవారి సూత్రం. రుచికీ రుచికీ నడుమ నోరు శుభ్రపడడానికి వారు రొట్టెముక్క తింటారట. మేము ఉప్పులేని బొరుగులు, కుండనీళ్ళు పెట్టుకొన్నాం.

మరి గుణదోషాలు వ్రాయడానికి పరిభాష కావాలి కదా. అందుకు నేను రాజశేఖరుణ్ణి పిలుచుకొని వచ్చాను. కావ్యమీమాంసలో ఆయన కవిత్వానికి తొమ్మిది పాకాలు చెప్పాడు. మనం బడిలో చెప్పుకొనే ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాల వరుస వేరు, ఇది వేరు. మొదట రుచి ఎట్లున్నది, చివర ఎట్లున్నది అన్నదే ఇక్కడ కొలబద్ద. మొదలూ తుదీ రెండూ చేదైతే పిచుమందపాకం, అంటే వేప. మొదట బాగులేక తుదకు మధ్యమమైతే బదరపాకం, రేగుపండు. మొదట బాగులేక తుదకు తీయనైతే మృద్వీకాపాకం. మొదట బాగుండి తుదకు చెడితే క్రముకపాకం, వక్క. మొదట మధ్యమంగా ఉండి తుదకు మధురమైతే సహకారపాకం, అంటే మామిడే. రెండు చివరలా మధురమైతే నారికేళపాకం. వైను రుచి చూచేవారు కూడా నాలుకకు తగిలినప్పటి రుచిని, మింగిన తరువాత నిలిచే రుచిని విడివిడిగా చెబుతారని మేనల్లుడు అన్నపుడు, వేయేళ్ళ నాటి రాజశేఖరుడు తలపుకు వచ్చి నాకు ఎంతో గర్వం కలిగింది. ఆ గర్వం ఆ సాయంత్రానికి మాత్రమే పనికివచ్చింది.

ఐదు గంటలకు కూర్చున్నాం. నేను, లెక్కల అయ్యవారు, ఉర్దూ మాస్టారు, హిందీ పండితురాలు గారు, శిల్పి. ఎండ ఇంకా తగ్గలేదు. మొదటి గిన్నె వచ్చింది. ముక్క నోట వేసుకోగానే తేనె. పీచు లేదు. ఇది నిస్సందేహంగా మా నాన్నగారి చెట్టే అనుకొన్నాను. పదికి ఎనిమిది వేశాను. రెండవ గిన్నెలో తొలిరుచి పులుపు. తరువాత ఏదో కొంత తీపి. బదరపాకం అని వ్రాసి, నాలుగు మార్కులు వేసి, పక్కన "బజారు పండు" అని కూడా వ్రాసి గీత గీశాను. మూడు, నాలుగు గిన్నెలకు చెరి ఏడు. ఐదవది నోట పెట్టగానే ముఖం వికారమైంది; మూడు వేశాను. ఆరవ గిన్నె వచ్చినపుడు లెక్కల అయ్యవారు పక్కకు తిరిగి దగ్గారు. ఊళ్ళు ఐదే కదా, ఆరవదేమిటి అని అడిగాను. "మీకు బదులు చెప్పే అధికారం నాకు లేదండీ" అన్నారాయన. నోట వేసుకొన్నాను. పరిమళం, తీపి, మెత్తదనం, మింగిన తరువాత కూడా నిలిచిన రుచి! నారికేళపాకం అని వ్రాసి, తొమ్మిది వేసి, "ఇదే అసలైన బనగానపల్లె" అని నిర్ధారణ చేశాను.

తరువాత మా ఆవిడ చీటీ పట్టుకొని వచ్చి చదివింది. ఒకటి ఉలవపాడు. రెండు ఆళ్ళగడ్డ. మూడు నూజివీడు. నాలుగు బనగానపల్లె. ఐదు బజారు పండు. ఆరు మళ్ళీ ఆళ్ళగడ్డ.

లెక్కల అయ్యవారూ మా ఆవిడా కలిసి పన్నిన పన్నాగం అది. ఒక్క పండునే తీసుకొని, టెంకకు ఒకవైపు చెక్క రెండవ గిన్నెలోనూ, రెండవవైపు చెక్క ఆరవ గిన్నెలోనూ వేశారు. చెట్టు ఒకటే, పండు ఒకటే, కత్తి ఒకటే. దానికి నేను ఒకసారి నాలుగు, ఒకసారి తొమ్మిది వేశాను. కన్నులు మూసుకొని గుర్తుపడతానన్న పండును రెండుసార్లు పట్టుకొని రెండుసార్లూ పోగొట్టుకొన్నాను.

పన్నాగం పన్నినవాడు కూడా గట్టెక్కలేదు. ఆరవది ఏదో ఒకదానికి జంట అని ఆయనకు తెలుసు, దేనికో తెలియదు. ఆయన మొదటిదానికి అన్నారు. పైగా ఉలవపాడు కంటె బనగానపల్లెకు ఒక మార్కు ఎక్కువ వేసి ఉన్నారు. ఉర్దూ మాస్టారు ఉలవపాడు పండు తిని "మా నవాబుల తోట" అని వ్రాశారు. ఇద్దరూ ఒకరినొకరు చూచుకొని పెద్దగా నవ్వారు. ఇరవైయేళ్ళ కలహం ఆ పూట చల్లారింది. నూజివీడు పండును నూజివీడు అని పట్టింది ఆ ఊరి ఆడపడుచు మాత్రమే.

శిల్పి కాగితం మీద మార్కులు లేవు, పాకాలు లేవు, ఊళ్ళ పేర్లు లేవు. ఒక్క వాక్యం ఉంది: "రెండూ ఆరూ ఒకే రాయి."

ఎట్లా తెలిసిందని అందరం అడిగాం. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "రాతిని ఎన్నుకొనేటపుడు ఉలితో తట్టి వింటాం గదా. గంట మాదిరి మ్రోగేదొకటి, కంచు మాదిరి పలికేదొకటి, ఏమీ పలకని రాయొకటి. అప్పుడు ఏ గని రాయి, ఎంత ధర అని ఆలోచిస్తే చెవి పని చెయ్యదు. ఆరోది తినంగానే ఇంతకు ముందు విన్నట్లే ఉండె. వెనక్కి పోయి రెండోదాంట్లో మిగిలిన ముక్క తింటి. అంతే" అన్నాడు. మేమెవరమూ వెనుకకు పోలేదు. మార్కు వేసిన తరువాత ఇక ఆ గిన్నెతో పని తీరిపోయిందనుకొన్నాం.

ఆ రాత్రి మేనల్లునికి ఫోను చేసి చెబితే వాడేమీ ఆశ్చర్యపోలేదు. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన అక్కడి పెద్ద వైను పోటీలో ఒకే సీసాలోని వైనును మూడుసార్లు వేరువేరు అంకెలతో న్యాయనిర్ణేతలకు పోయించి, 2008లో ఫలితాలు ప్రకటించాడట. మూడుసార్లూ దగ్గర దగ్గర మార్కులు వేయగలిగినవారు పదిమందిలో ఒకరే. "మీకు ముందు తిన్నదేమిటో చూసుకోండి మామయ్యా" అన్నాడు.

చూచుకొన్నాను. రెండవ గిన్నెకు ముందున్నది ఉలవపాడు. తేనె త్రాగిన నాలుకకు మరేదైనా పులుపే. ఆరవ గిన్నెకు ముందున్నది బజారు పండు. ఆ పచ్చి పులుపు తరువాత మరేదైనా తేనే. పండు దోషమూ లేదు, గుణమూ లేదు. అంతా పొరుగు మహిమ. అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక వేసవి వినోదంగా ముగిసిపోయేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముప్పయ్యేళ్ళకు పైగా జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. పదవ తరగతి మూల్యాంకనంలో పేరు, ఊరు కనిపించకుండా అంకెలు మాత్రమే ఉన్న పత్రాలు ఎన్నో కట్టలు దిద్దాను. బడిలో పెట్టే పరీక్షలకు మాత్రం ఆ మరుగు లేదు. హాజరుపట్టికలోని వరుసలోనే కట్ట కట్టి ఇస్తారు. ఆ వరుస సంవత్సరమంతా మారదు.

ఒక తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యానికి తాత్పర్యం వ్రాస్తే గురువులు కూడా నేర్చుకోదగినట్లు ఉండేది. ముత్యాల వంటి అక్షరాలు. ఆమె తరువాతి సంఖ్య ఒక అబ్బాయిది. రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో నేనే వారి తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఆ మూడేళ్ళలో పెట్టిన ప్రతి పరీక్షలోనూ ఆ అబ్బాయి పత్రాన్ని ఆ అమ్మాయి పత్రం ముగించిన మరుక్షణంలోనే చదివాను. ఒక్కసారి కూడా వేరొకరి తరువాత చదవలేదు. నలభై, నలభైరెండు, ముప్పైతొమ్మిది. "నీకు తెలుగు రాదురా" అని ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. పబ్లిక్ పరీక్షలో, ఎవరో ముక్కూ మొగమూ తెలియని పండితుడు దిద్దిన పత్రంలో, వానికి తెలుగులో ఎనభైఒకటి వచ్చింది. మార్కుల జాబితా తీసుకోవడానికి వచ్చిన రోజున నలుగురి ముందర నేనన్న మాట నాకు జ్ఞాపకమే: "దిద్దినవాడెవరో ధర్మాత్ముడురా నాయనా." వాడు తల వంచుకొని వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళుగా నేను ఆ ఎనభైఒకటినే తప్పు అనుకొంటూ వచ్చాను. నా నలభైని ఒక్కనాడూ అనుమానించలేదు.

ఆ అబ్బాయి ఇపుడు నంద్యాలలోనే ఒక బ్యాంకులో అధికారి. జ్యేష్ఠమాసంలో పింఛను పనిమీద వెళ్ళినపుడు లేచి వచ్చి నమస్కరించి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. గొంతు సవరించుకొని, "నాయనా, నీకు తెలుగులో..." అని ఆరంభించాను. ఆయన నవ్వుతూ అందుకొన్నాడు. "గుర్తుంది సార్. నాకు తెలుగు రాదని మీరు చెప్పింది గుర్తుంది. ఇంటర్ తరువాత బి.ఎ.లో స్పెషల్ తెలుగు తీసుకోవాలని ఉండేది. పద్యాలంటే ఇష్టం. మీరన్నది జ్ఞాపకం వచ్చి కామర్స్‌లో చేరిపోయినాను. మంచిదే అయింది లెండి సార్, ఉద్యోగం వచ్చింది."

ఆ మాటలో వ్యంగ్యమేమీ లేదు. ఉన్నా బాగుండేది. అంతలో నా టోకెను సంఖ్య పిలిచారు. లేచి వెళ్ళాను. పని ముగించుకొని తిరిగి చూస్తే ఆయన మరెవరితోనో మాట్లాడుతున్నాడు. ఇంటికి వచ్చేశాను. ఇరవైయేళ్ళు ఒక చెట్టు పేరు చెప్పుకొని గర్వించిన నోటికి, ఒక్క వాక్యం చెప్పడానికి శక్తి చాలలేదు.

ఈ వ్యాసం చదివేవారిలో ఉపాధ్యాయులు ఉన్నారని తెలుసు. మీకు నేను చెప్పగలిగినది చాలా చిన్నది. కట్ట విప్పగానే పేకముక్కలు కలిపినట్లు ఒకసారి పత్రాలు కలపండి. మొదటి పేజీ వెనుకకు మడిచి పేరు కనబడకుండా చేసుకోండి. చివరి పత్రం దిద్దిన తరువాత, మీరు కఠినంగా దిద్దిన నాలుగైదింటిని వెనుకకు పోయి మళ్ళీ చదవండి. శిల్పి చేసినది అంతకుమించి ఏమీ లేదు. దీనికి కొలబద్దలు, పరిభాషలు అక్కరలేదు. రాజశేఖరుని తొమ్మిది పాకాలు కంఠస్థమై ఉండి కూడా ఒకే పండుకు రెండు పాకాలు కట్టబెట్టినవాణ్ణి కనుక చెబుతున్నాను.

సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆళ్ళగడ్డ వెళ్ళి వచ్చాను. ఈ యేడు చెట్టు నిండా పూత పట్టింది. మంచు పట్టి మాడకపోతే కాపు బాగానే ఉంటుందని శిల్పి అన్నాడు. వైశాఖంలో మళ్ళీ గిన్నెలు పెడతాం. ఈసారి ఆ బ్యాంకు అధికారిని కూడా పిలవాలని నిశ్చయించుకొన్నాను. ఆ రోజున నేను వ్రాసిన కాగితం, నాలుగూ తొమ్మిదీ ఉన్నది, పారవేయకుండా దాచి ఉంచాను. ముందుగా ఆయనకు దానిని చూపాలి. మిగిలిన మాట అప్పుడైనా నోటికి వస్తుందేమో చూడాలి.